యాభై నాలుగు గంటలు

ఎమ్మే మొదటి ఏడాది పరీక్షలు రాసి తిరువూరు వచ్చిన వేసవి అది. డెబ్బైల నడిమి సంవత్సరాలు. మా నాన్నకు వినగడపలో మాగాణి, మామిడితోట ఉండేవి. కాపురం మాత్రం మా చదువుల కోసం తిరువూరులో పెట్టాడు. మా చుట్టాల్లో యూనివర్సిటీ దాకా వెళ్లిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. తోట బేరానికి వచ్చిన షావుకార్లు వరండాలో కూర్చుంటే, కాపు గురించి మాటలు సగంలో ఉండగానే నాన్న నన్ను పిలిచి మంచినీళ్లు తెమ్మనేవాడు. వాళ్లకు దాహమో కాదో ఆయన అడిగేవాడు కాదు. నేను గ్లాసులు అందిస్తుంటే "మా అమ్మాయండీ, యూనివర్సిటీలో ఎమ్మే చదువుతోంది" అనేవాడు. నేను తల వంచుకుని నిలబడేదాన్ని. చూసేవాళ్లకు అది వినయంలా ఉండేదనుకుంటాను. లోపల నాకు ఆ మాట ఇంకోసారి అంటే బాగుండుననే ఉండేది.

సెలవులకు వచ్చిన రెండో రోజో మూడో రోజో బస్టాండు వెనక వీధికి వెళ్లడం నాకు అలవాటు. అక్కడ రెండు గదుల పెంకుటింట్లో నా స్నేహితురాలు మిషను కుట్టేది. ఆరో తరగతి నుంచి ఎస్సెల్సీ దాకా మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వాళ్ల నాన్నకు సైకిలు షాపు ఉండేది. క్లాసులో ఎప్పుడూ తనదే ఫస్టు. సెకండు నాది, అది కూడా తను పక్కన కూర్చోబట్టి. లెక్కల హోంవర్కు రోజూ ప్రార్థనకు ముందే తన పుస్తకంలోంచి నా పుస్తకంలోకి వచ్చేసేది. తెలుగు మేష్టారు ఒకసారి తను రాసిన వ్యాసం క్లాసంతటికీ చదివి వినిపించారు. తర్వాత నాది తీశారు. ఒక పేజీ చూసి, ఏమీ అనకుండా కట్ట అడుగున పెట్టేశారు. అప్పుడు నాకు పధ్నాలుగేళ్లు. ఆ రోజు తను ఇంటికి వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేస్తే, చెప్పులో రాయి గుచ్చుకుందని వంకపెట్టి వంగి, ఆ చెయ్యి తప్పించుకున్నాను.

ఎస్సెల్సీ అవగానే తనకు పెళ్లి చేశారు. భర్త లారీ డ్రైవరు. మంచి మనిషే గాని నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే ఉండేవాడు. ఇద్దరు పిల్లలు. మంచం దిగలేని అత్తగారు. ఇన్నిటి మధ్య మిషను కుడుతూనే తను ఇంటరు ప్రైవేటుగా కట్టి, మొదటిసారికే పాసైంది. ఆ సంగతి మా అమ్మ ఉత్తరంలో రాసింది. నా రూములో ఉండే అమ్మాయి ఏంటి విశేషాలని అడిగితే, ఏమీ లేవని చెప్పి ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టాను.

ఆ వేసవిలో నాలుగు జాకెట్టు గుడ్డలు సంచిలో వేసుకుని పొద్దున పదకొండు గంటలప్పుడు వెళ్లాను. గుమ్మానికి పాత చీర తెరగా కట్టి ఉంది. తను కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని ఎవరిదో లంగా అంచు కుడుతోంది. నన్ను చూసి కాలు ఆపింది.

"ఎప్పుడొచ్చావే?"

"మొన్న సాయంత్రం బస్సుకి."

"మొన్నొచ్చి ఇయ్యాలా కనపడేది? సరే కూర్చో. ఆది జాకెట్టు తెచ్చావా? పోయినసారిది పనికిరాదు, కాస్త ఒళ్లు చేశావు."

"హాస్టలు తిండికి ఒళ్లెక్కడొస్తుందే?"

"వచ్చిందిగా, టేపే చెప్తది," అని నవ్వి, టేపు నా చేతి చుట్టూ వేసి చూపించింది. కొలతలన్నీ తీసుకుని, ఒక చీటీ మీద రాసుకుని, గుడ్డలు మడిచి పక్కన పెట్టింది. అప్పుడు మిషను సొరుగులోంచి ఒక పొడుగాటి కవరు తీసి నా ఒళ్లో పెట్టింది. బి.ఏ. ప్రైవేటుగా రాయడానికి అప్లికేషను అది.

"ఆయన్ని విజయవాడ నుంచి తెమ్మంటే రెండుసార్లు మర్చిపోయొచ్చాడు. చివరికి నేనే పోస్టులో తెప్పించుకున్నా," అంది. "బి.ఏ. అయిపోతే టీచరు ట్రైనింగుకి కట్టొచ్చంట. గర్ల్స్ స్కూలు పెద్ద టీచరుగారు చెప్పింది. తెలుగూ ఉర్దూ రెండూ వచ్చినోళ్లు దొరకటం లేదంట. నాకు రెండూ వచ్చుగా."

నేను అప్లికేషను తిప్పి చూశాను. పేరు, ఊరు, పుట్టిన తేదీ పెన్సిలుతో నింపి ఉన్నాయి. తప్పు పోతే చెరిపి రాసుకోవచ్చని పెన్సిలుతో రాసినట్టుంది. ఆ రాత స్కూల్లో ఎలా ఉండేదో అలాగే ఉంది, గుండ్రంగా, గీత గీసినట్టు.

"నిన్ను ఒకటడగాలని నెల్రోజుల్నుంచి అనుకుంటున్నా," అంది తను. "మా వీధిలో ఇంకెవర్ని అడగను? యూనివర్సిటీలో చదివేవాళ్లు వారానికి ఎన్ని గంటలు చదవాలే?"

ఇక్కడ నా హాస్టలు బతుకు ఎలా ఉండేదో చెప్పాలి. పొద్దున క్లాసులు ఉండేవి. మధ్యాహ్నం భోజనం చేసి నాలుగింటి దాకా నిద్ర. లేచి తల దువ్వుకుని, టీ తాగి, అందరం కలిసి సముద్రం ఒడ్డుకు నడిచేవాళ్లం. ఆదివారాలు సినిమా. పుస్తకం తెరిచేది పరీక్షలకు మూడు వారాల ముందు. అది కూడా పాత ప్రశ్నపత్రాలు చూసి, వచ్చేవేవో రానివేవో ఊహించి, బజారు నోట్సులోంచి బట్టీ పట్టడం. ఏడాది మొత్తం మీద లెక్కేసి చూస్తే క్లాసులు పోను వారానికి ఐదారు గంటలు వచ్చేవేమో. బి.ఏ. మూడేళ్లు కూడా అలాగే గడిపాను, అలాగే పాసయ్యాను. తను అడిగినదానికి నిజమైన జవాబు నా దగ్గర ఉంది. రోజూ ఒక గంట చూసుకుంటూ, పరీక్షల ముందు కాస్త ఎక్కువ చదివితే నీలాంటిదానికి చాలు అంటే సరిపోయేది.

ఆ మాట నా నోటిదాకా రాలేదు. దాని బదులు ఎమ్మేలో చేరిన మొదటి రోజు ఒక లెక్చరరు చెప్పిన మాట గుర్తొచ్చింది. క్లాసులో ఒక గంట వింటే, బయట రెండు గంటలు సొంతంగా చదవాలి, వారానికి పద్దెనిమిది గంటల క్లాసులున్నాయి, మీరే లెక్క చూసుకోండి అన్నాడాయన. మేమంతా నోటుపుస్తకాల మొదటి పేజీలో రాసుకున్నాం. తర్వాత ఎవరమూ ఆ పేజీ తెరవలేదు.

"యాభై నాలుగు," అన్నాను.

తను నా ముఖంలోకి చూసింది. "గంటలా? వారానికా?"

"మరి? క్లాసులు పద్దెనిమిది, సొంత చదువు ముప్ఫై ఆరు. నీకు క్లాసులుండవు కాబట్టి మొత్తం నువ్వే చదువుకోవాలి. రోజుకి దగ్గరదగ్గర ఎనిమిది గంటలు."

"నువ్వు అంత చదువుతావా?"

"చదవక తప్పుతుందా?" అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. గొంతు తడబడలేదు. పైగా ఒక నిట్టూర్పు కూడా విడిచాను, అలిసిపోయినదాన్నన్నట్టు.

తను గుడ్డలు కత్తిరించే చెక్కను ముందుకు లాక్కుని, సుద్ద తీసుకుంది. దానిమీద నూట అరవై ఎనిమిది అని వేసింది. వారంలో ఉండే గంటలు. నేనైతే కాగితం, పెన్సిలు అడిగేదాన్ని. తను నోటితోనే లెక్కలు చెప్పుకుంటూ ఒకదాని కింద ఒకటి తీసివేసుకుంటూ పోయింది. నిద్ర, రోజుకు ఆరు గంటలు. వంట, గిన్నెలు, ఐదు. మిషను, ఏడు. బోరింగు దగ్గర నీళ్లు, బట్టలు, పిల్లలు, అత్తగారు, అన్నీ కలిపి మూడు. నమాజులకు ఒక గంట. చివర్లో చెక్క అడుగున పధ్నాలుగు మిగిలింది.

"పధ్నాలుగొచ్చిందే," అంది. ఆ అంకె చుట్టూ గుండ్రంగా గీసింది. "మిషను ఒక గంట తగ్గించుకుంటే ఇరవై ఒకటి. కానీ తగ్గిస్తే గడవదు. పధ్నాలుగుతో గట్టెక్కలేనా? ఇంటరుకి పదే చదివా."

తను అడిగింది నన్ను బతిమాలుతున్నట్టుగా. స్కూల్లో ఎన్నడూ తను నన్ను ఏదీ అడిగి ఎరగదు. అడిగేదాన్ని ఎప్పుడూ నేనే.

"ఇంటరు వేరే, డిగ్రీ వేరేనే," అన్నాను. "డిగ్రీలో ప్రశ్నలు పుస్తకంలోంచి రావు. బాగా లోతుగా చదవాలి. ఊరికే ఫీజు కట్టి తప్పితే నలుగురిలో చిన్నతనం కదా. పిల్లలు కాస్త పెద్దయ్యాక చూసుకోవచ్చులే."

అదీ అబద్ధమే. ప్రశ్నలు పుస్తకంలోంచే వచ్చేవి, గైడులోంచి మరీ ఎక్కువగా వచ్చేవి.

తను ఆ చెక్క వంక కాసేపు చూసింది. తర్వాత కొంగుతో అంకెలన్నీ తుడిచేసి, నా జాకెట్టు గుడ్డ దానిమీద పరిచింది. "చేతులు మోచేతుల దాకా పెట్టనా, పొట్టిగానా?" అని అడిగింది.

ఇంటికి నడిచి వస్తుంటే నాకు బాధ కలగలేదు. కలిగిందని రాసుకుంటే బాగుండును. ఎండలో మెయిన్ రోడ్డు దాకా వచ్చి, సోడా బండి దగ్గర ఆగి, నిమ్మకాయ సోడా తాగాను. ఒళ్లు తేలిగ్గా ఉంది. ఎనిమిదేళ్లనాటి ఆ వ్యాసాల కట్ట గుర్తొచ్చింది. అప్పుడు అడుగున పడ్డ నాది ఇప్పుడు పైకి వచ్చినట్టు అనిపించింది. అంత చిన్న సంగతిని అన్నేళ్లు మోశానని అప్పుడు నాకే తెలిసింది. తెలిసీ సిగ్గుపడలేదు.

దసరా సెలవులకు మళ్లీ వచ్చినప్పుడు అమ్మ జాకెట్టు గుడ్డలు కుట్టడానికి ఇచ్చిరమ్మంటే వెళ్లాను. తను ముఖం చాటేస్తుందేమోనని దారిలో ఒక అనుమానం ఉండింది. అలాంటిదేమీ లేదు. ఎప్పటిలాగే ఏమే అని పిలిచి, పీట వేసి, టీ పెట్టింది. చెక్క మీద కత్తిరించి ఉన్న కాగితం ముక్కలు కనబడ్డాయి. జాకెట్టు వీపు ఆకారంలో ఒకటి, చేతి ఆకారంలో ఒకటి. గుడ్డ కత్తిరించే ముందు కొలతకు పెట్టుకునే కాగితాలవి. మామూలుగా వార్తాపత్రికలతో చేసేది. ఇవి మాత్రం దళసరిగా, తెల్లగా ఉన్నాయి. వీపు ముక్క మీద, మెడ వంపు పక్కన, పుట్టిన తేదీ అన్న అచ్చు అక్షరాలూ, వాటి ఎదురుగా పెన్సిలు రాతా ఉన్నాయి.

నేను చూడటం తను చూసింది.

"కాయితం గట్టిగా బాగుంది, పారేయటం ఎందుకని," అంది. "నువ్వు ముందే చెప్పటం మంచిదైందే. లేకపోతే ఫీజు కట్టేసి, రెండేళ్లు తంటాలుపడి, తప్పి కూర్చునేదాన్ని. ఆయనకి కూడా చెప్పా, నా ఫ్రెండు ఉన్నదున్నట్టు చెప్పబట్టి బతికిపోయామని."

టీ గ్లాసు నా చేతిలో ఉంది. ఉన్నదున్నట్టు అన్న మాట చెవిన పడగానే గ్లాసులోకి తల దించాను. నా ముఖం, మెడ, చెవులు మండిపోయాయి. అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఇంకా గడువు దాటలేదని తర్వాత తెలిసింది. అపరాధ రుసుముతో అయితే ఆ నెలాఖరు దాకా కట్టుకోవచ్చట. తను నాకు ఎదురుగా, రెండు బారల దూరంలో ఉంది. గదిలో ఇంకెవరూ లేరు. అత్తగారు పక్క గదిలో నిద్రపోతోంది. అంతకంటే తేలికైన సమయం దొరకదు.

"టీ బాగుంది," అన్నాను.

"అల్లం వేశా," అంది తను.

మొదటి తప్పు అసూయతో చేశానని ఏదో ఒక పేరైనా పెట్టుకోవచ్చు. ఈ రెండోదానికి పిరికితనం తప్ప ఇంకేమీ లేదు. వేసవిలో చెప్పిన అబద్ధం కంటే దసరానాడు మింగిన నిజమే నన్ను ఎక్కువగా బాధపెట్టింది, ఇప్పటికీ పెడుతుంది. ఆ సెలవులన్నీ ఇంట్లోంచి కదల్లేదు. కుట్టిన జాకెట్లు అమ్మ వెళ్లి తెచ్చుకుంది.

ఎమ్మే రెండో ఏడు కూడా నా చదువు మారలేదు. మారాలని రెండుమూడుసార్లు అనుకున్నాను. పుస్తకం ముందేసుకుని కూర్చుంటే ఆ చెక్క మీద సున్నా చుట్టిన పధ్నాలుగు కనబడేది. నాకు ఉన్న తీరిక గంటలు లెక్కేస్తే ఏ యాభయ్యో అరవయ్యో తేలేవి. అది తట్టుకోలేక లేచి సముద్రం వైపు వెళ్లిపోయేదాన్ని. చివరికి థర్డు క్లాసు వచ్చింది. పేపర్లు దిద్దేవాళ్లు మా బ్యాచికి అన్యాయం చేశారని ఇంట్లో చెప్పాను. నాన్న నమ్మాడు. షావుకార్లకు కూడా అదే చెప్పాడు, పాపం, కోపంగా.

థర్డు క్లాసుకు కాలేజీ ఉద్యోగం రాదు. విజయవాడలో ఒక ట్యుటోరియల్లో పాఠాలు చెప్పే పని దొరికింది. డిగ్రీ తప్పినవాళ్లు, ప్రైవేటుగా రాసేవాళ్లు అక్కడికి వచ్చేవాళ్లు. దాదాపు అందరూ ఏదో పని చేసుకుంటూ చదివేవాళ్లే. పొద్దున బట్టల కొట్లో నిలబడి వచ్చేవాళ్లు, ఆఫీసుల్లో బంట్రోతులు, చంటిపిల్లల్ని తల్లుల దగ్గర వదిలి వచ్చే ఆడవాళ్లు. వాళ్లకు వారానికి పది గంటలు దొరికితే పండగ. ఆ పది గంటలతోనే వాళ్లు పాసవుతుంటే నేను ఎదురుగా నిలబడి చూశాను. తను నా ముందు వేసిన లెక్క తప్పు కాదని, తప్పయింది నేను ఇచ్చిన అంకె మాత్రమేనని, ఏడాది పొడుగునా రోజూ నా కళ్ల ముందు రుజువవుతూ వచ్చింది.

చివరికి ఒక ఆదివారం తిరువూరు వెళ్లాను. నా బి.ఏ. పుస్తకాలు, నోట్సులు అన్నీ ఒక గుడ్డలో మూటగట్టుకుని వెంట పట్టుకెళ్లాను. ఉత్త చేతులతో వెళ్లి ఆ మాట చెప్పడం నాకు చేతకాలేదు.

మూడో బిడ్డ పుట్టి నాలుగైదు నెలలైనట్టుంది, ఉయ్యాల్లో పడుకుని ఉంది. తను మిషను తొక్కుతోంది. మిషను మీద, సూదికి అవతల, ఒక లావుపాటి పుస్తకం గోడకు ఆనించి నిలబెట్టి ఉంది. గాలికి పేజీలు తిరక్కుండా బట్టలు ఆరేసే క్లిప్పు పెట్టుకుంది. తిన్నటి కుట్టు కుట్టేటప్పుడు చూపు సూది మీద అక్కర్లేదు. రెండు చేతులూ గుడ్డను తోస్తుంటే తను చదువుకుంటోంది. పుస్తకం మీద మా ఊరి లైబ్రరీ ముద్ర ఉంది. బి.ఏ. చరిత్ర పుస్తకం అది.

నేను మూట కింద పెట్టాను. కూర్చోకుండానే చెప్పేశాను.

"ఆరోజు నీకు అబద్ధం చెప్పానే. యాభై నాలుగు గంటలు ఎవరూ చదవరు. నేను అందులో పదో వంతు చదవలేదు."

తను మిషను ఆపింది. గుడ్డ సూది కిందే ఉంది.

"తెలుసులే," అంది.

"ఎవరు చెప్పారు?"

"పిన్నే, మీ అమ్మే చెప్పింది. పోయినేడు జాకెట్లకొచ్చి మాటల్లో అన్నది, మా అమ్మాయి సెలవులకొస్తే పుస్తకం ముట్టదు, హాస్టల్లో కూడా అంతేనంట, పరీక్షల ముందు మూడు వారాలేనంట, తనే నవ్వుకుంటూ చెప్పింది అని. పిన్నికి ఏం తెలుసు పాపం, నీ తెలివి గొప్పదని చెప్పుకుంటోంది." తను పుస్తకానికి పెట్టిన క్లిప్పు తీసి, మూసి, పక్కన పెట్టింది. "అప్పటికి ఆ ఏటి ఫీజు గడువు దాటింది. తర్వాత ఈ పిల్ల కడుపున పడింది. ఈసారి కట్టేశా."

"కట్టేశావా?"

"రెండు నెలలైంది."

నేను చెప్పాల్సిన నిజం తనకు ఏడాదికి ముందే చేరింది. దానితో చేసుకోవలసిన పని తను చేసుకుంది. ఇక నేను చెప్పడం వల్ల తనకు ఒరిగేదేమీ లేదు. అది నా మనసు తేలికపడటానికి మాత్రమే పనికొస్తుంది. అది తెలిసిపోయి నాకు ఎక్కడ చూడాలో తోచలేదు.

"నువ్వు చెప్తావేమోనని చూశా," అంది తను. "ఏడాది పైనే చూశా. సంక్రాంతికొచ్చావు, రాలేదు. వేసవికొచ్చావు, రాలేదు. ఎందుకన్నావే ఆ మాట? నేనేం చేశాను నీకు?"

గొంతు హెచ్చించలేదు. అడిగింది నిజంగా తెలుసుకోవడానికి. దారంతా సిద్ధం చేసుకున్న జవాబులు రెండుమూడు నా దగ్గర ఉన్నాయి. తెలియక అన్నాననీ, లెక్చరరు చెప్పిందే చెప్పాననీ. అవి అనలేకపోయాను.

"నువ్వు రాస్తే నాకంటే బాగా రాస్తావని," అన్నాను. "నీకు ఫస్టు క్లాసు వస్తే మా ఊళ్లో నేనేమవుతానో అని."

ఉయ్యాల్లో పిల్ల కదిలితే తను చెయ్యి చాచి తాడు లాగింది. తన ముఖంలో కోపం కోసం వెతికాను. ఉంటే ఏడ్చి కాళ్ల మీద పడవచ్చు. అలసట తప్ప నాకేమీ కనబడలేదు.

"ఈ నోట్సులు నీకోసం తెచ్చాను," అన్నాను మూట చూపించి.

"అక్కర్లేదు. తీసుకెళ్లండి," అంది.

ముందు నాకు అర్థం కాలేదు. తను మళ్లీ మిషను వైపు తిరిగి, సూది కింద గుడ్డ సర్దుకుంటూ, "ఎండెక్కుతోంది, బయల్దేరండి, మళ్లీ పిన్నిగారు కంగారుపడతారు," అంది. ఆరో తరగతి నుంచి మేము ఏమే, ఒసే అనుకున్నవాళ్లం. దెబ్బలాడుకున్నప్పుడు కూడా మీరు అనే మాట మా మధ్య రాలేదు. తను కుట్టుకి కొత్తగా వచ్చిన ఎవరో ఆవిడతో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడింది. నేను మూట ఎత్తుకుని బయటికి వచ్చాను. వీధి మలుపు తిరగకముందే మిషను చప్పుడు మొదలైంది.

ఆ తర్వాత తనను దగ్గరగా చూసింది ఒక్కసారే. పరీక్షల కాలం. నేను సెలవు పెట్టి ఇంటికి వచ్చి, సోమవారం పొద్దున విజయవాడ బస్సెక్కాను. ఆడవాళ్ల సీటులో తను ఉంది. పరీక్ష రాయడానికి వెళ్తోంది. పక్కన ఒక్కటే ఖాళీ. నన్ను చూసి సంచి ఒళ్లోకి తీసుకుని, "కూర్చోండి," అంది. కూర్చున్నాను. తను పుస్తకం తెరిచింది. మైలవరం దాకా తలెత్తలేదు. బస్సు గోతుల్లో పడి ఎగిరినప్పుడు వేలు లైను మీద నొక్కిపెట్టుకునేది, కుదుటపడగానే అక్కణ్నుంచే సాగించేది. పెదవులు కదులుతూ ఉన్నాయి. మైలవరంలో జామకాయలు కొని ఒకటి ఇవ్వబోతే, "వద్దండీ, పరీక్షయ్యేదాకా ఏమీ తినను," అంది. నేను కూడా తినలేక సంచిలో వేసుకున్నాను.

కొండపల్లి దాటాక పుస్తకం మూసి కళ్లు మూసుకుంది. చదివింది నెమరు వేసుకుంటోందని తెలుస్తూనే ఉంది. ఆ రెండున్నర గంటల్లో తను చదివినంత శ్రద్ధగా నేను అన్నేళ్లలో ఒక్క గంట కూడా చదవలేదు. విజయవాడ బస్టాండులో దిగాక తను చుట్టూ చూసి, మా బస్సు కండక్టరు దగ్గరికి వెళ్లి హాల్ టికెట్టు చూపించి, ఈ కాలేజీకి ఎటు వెళ్లాలని అడిగింది. ఆ కాలేజీ మా ట్యుటోరియల్ ఉన్న వీధికి వెనకే. నేను రోజూ దాని ముందునుంచే నడిచేదాన్ని. కండక్టరు చెయ్యి చాచి తప్పు దారి చూపిస్తుంటే వెనక నిలబడి విన్నాను. తను నాలుగడుగులు వేశాక ఆపుకోలేక, "అటు కాదు, కాలవ వంతెన వైపు," అన్నాను. తను ఆగి, "థాంక్సండీ," అని వంతెన వైపు తిరిగి వెళ్లిపోయింది.

ఆ ఏడు ఒక పేపరు తప్పింది. అది తర్వాతి సెప్టెంబరులో రాసుకుంది. అలా కట్టుకుంటూ, మధ్యలో అత్తగారు పోయిన ఏడు ఆగి, నా కంటే మంచి మార్కులతో బి.ఏ. పూర్తి చేసింది. ట్రైనింగుకు అప్లికేషను పెడితే వయసు దాటిందన్నారట. ఏడాదిన్నర దాటిందట. మా అమ్మ ఈ మాట అన్నం వడ్డిస్తూ మామూలుగా చెప్పింది. నేను కంచంలోకి చూస్తూ లెక్క వేసుకున్నాను. నా మాట విని తను ఫీజు కట్టకుండా ఊరుకున్న కాలమే దానికంటే ఎక్కువ.

"ఇప్పుడు ఇంటి దగ్గరే ఆడపిల్లలకి ట్యూషన్లు చెప్తోందంట," అంది అమ్మ. "బి.ఏ. పాసైందిగా, ఒకసారి వెళ్లి పలకరించి రాకూడదూ? ఒక బెంచీ వాళ్లేగా మీరు."

రేపు వెళ్తానన్నాను. తెల్లవారి మొదటి బస్సుకే విజయవాడ వెళ్లిపోయాను.